కొండపల్లి బొమ్మల వర్తకులకును, బెజవాడ వ్యాపారులకును విజ్ఞప్తి

దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో శాసనమైనది. ప్రజలకు సేవలందించు ప్రతివారును, ప్రభుత్వమే యైనను ప్రైవేటు వర్తకుడే యైనను, నియమావళి వెలువడిన రెండేండ్లలోగా తమ సేవలను దివ్యాంగులకు సుగమము చేయవలెనని దాని 46వ సెక్షను విధించినది. నియమావళి 2017 జూనులో వెలువడినది. గడువు 2019 జూనుతో చెల్లిపోయినది. చెల్లిపోయిన ఆ గడువును గూర్చి మన బొమ్మల కాలనీలో గాని, బీసెంట్ రోడ్డు దుకాణములలో గాని ఎవరైనను మాటలాడుకొనగా నేను వినలేదు. వెబ్‌సైటు పెట్టుకొనుడు, ఫోనులో బేరములు సాగింపుడు అని గడపగడపకు తిరిగి చెప్పినవారిలో నేనును ఒకడను గనుక, ఆ తరువాతి మాటను చెప్పవలసిన భారము నా మీదనే యున్నది.

పుట్టుకతో చూపులేని ఒక ఉపాధ్యాయిని, కొలువులో పెట్టుటకు దశావతారముల సెట్టు కొనదలచి, నా యెదుటనే కూర్చుండి మన యూరి దుకాణము నొకదానిని ఫోనులో తెఱచినది. తెర మీది వ్రాతను చదివి వినిపించు టాక్‌బ్యాక్ ఆమె ఫోనులో నున్నది. మత్స్యావతారమున్న చోట వ్రేలుంచగా అది పలికినది: “ఐఎంజీ 0417”. కూర్మమున్న చోట “ఐఎంజీ 0418”. ఆ పిమ్మట “బటను, బటను, బటను”. ఏ బటను నొక్కిన బొమ్మ బుట్టలో పడునో, ఏది నొక్కిన పుట మూతపడునో తెలియు దారి లేదు. నేను అలమరలోని అంబారీ ఏనుగును తీసి ఆమె చేతికిచ్చితిని. తొండమును, అంబారీ అంచును, మావటివాని తలపాగను నెమ్మదిగా తడవి, చెవి వెనుక మక్కు పెట్టి అతికిన చోటును గోటితో పట్టుకొని, “ఇక్కడ అతికినారు గదండీ” అన్నది. పొణికి కఱ్ఱను ఎండబెట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, రంగులు దిద్దిన పనివాని నేర్పరితనము వలన కంటికి కానరాని ఆ అతుకును ఆమె వ్రేలు కనిపెట్టినది. అట్టి గిరాకీకి మన దుకాణము చెప్పిన జవాబు: ఐఎంజీ 0417.

2011 జనగణన ప్రకారము ఈ దేశమున దివ్యాంగులు 2.68 కోట్లు, వారిలో చూపు లోపించినవారే 50 లక్షలకు పైబడినవారు. 2024 నవంబరు 8న, రాజీవ్ రతూరీ వ్యాజ్యములో, ఆ నియమావళిలో సుగమ్యతను గూర్చిన 15వ నియమము కేవలము సూచనప్రాయముగా నున్నందున అది మూలచట్టమునకే విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టివైచి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు నెలలలో రచింపుడని కేంద్రమును ఆజ్ఞాపించినది. 2025 ఏప్రిల్ 30న, ఆమ్లదాడికి గురియై కనుఱెప్ప లార్పలేని ప్రజ్ఞా ప్రసూన్ మొదలగువారి వ్యాజ్యములో, డిజిటల్ సేవలందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో భాగమేయని ప్రకటించినది. చట్టము మీఱినవానికి తొలి తప్పునకు పదివేల రూపాయల వఱకును, మరల మీఱినచో ఏబదివేలకు తగ్గక ఐదు లక్షల వఱకును జరిమానా యని 89వ సెక్షను చెప్పుచున్నది. ఇవన్నియు పత్రికలలో వచ్చిన వార్తలే. పసిడి ధర హెచ్చినను తగ్గినను ఆ నిముసముననే తెలిసికొను మన వర్తకులకు ఇవి మాత్రము కంటబడలేదు!

ఈ మాట చెప్పిన చోటనెల్ల నాకు దొరకిన సమాధానములు మూడు. మాది చిన్న దుకాణమండీ యని మొదటిది. 46వ సెక్షనులో పెద్ద చిన్న యను భేదము లేదు. వెబ్‌సైటు చేసిన కుఱ్ఱవాడు హైదరాబాదు వెళ్లిపోయినాడని రెండవది. వానిని ఫోనులో పిలువలేనంతటి దూరము హైదరాబాదు కాదు. చూపులేనివారు బొమ్మలేమి కొందురని మూడవది. దీనికి జవాబు చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. అయినను ఆ అంబారీ ఏనుగు కథను మరల మరల చెప్పుచునే యున్నాను.

చేయవలసిన పని కొండంత కాదు. ప్రతి చిత్రము వెనుక ఒక వాక్యము వ్రాయవలెను: “మత్స్యావతారము, కొండపల్లి కొయ్యబొమ్మ, ఆఱంగుళముల ఎత్తు, నీలి రంగు” అనినచో చాలును. ప్రతి బటనునకు పేరు పెట్టవలెను. లేత పసుపు మీద తెల్లని అక్షరములు వేసి ముసలివారి కన్నులను పరీక్షింపరాదు. వ్రాతకును వెనుకటి రంగునకును నడుమ తేడా కనీసము 4.5కు 1గా నుండవలెనని అంతర్జాతీయ మార్గదర్శకములు నిర్ణయించినవి. డబ్బు చెల్లించు చోట క్యూఆర్ బొమ్మ నొక్కదానినే అతికింపక, యూపీఐ ఐడీని అక్షరములలో కూడ వ్రాయవలెను.

అన్నిటికంటె మిక్కిలిగా మన ప్రాంతమును పట్టిన తెగులు వేఱొకటి కలదు. ధరల పట్టికను ముద్రణాలయములో ‘అను’ పేరుగల ఫాంటులో కూర్పించి, దానినే పీడీఎఫ్‌గానో, జేపీజీగానో వాట్సాప్‌లో పంపుట మన బెజవాడ ఆచారము. యూనికోడ్ కాని ఆ ఫాంటులోని తెలుగు కంటికే తెలుగు. చదివెడి యంత్రమునకు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. జేపీజీ యైనచో అదియును లేదు, మౌనమే. ధరల పట్టికను యూనికోడ్ తెలుగులో టైపు చేయించుటకు ఒక పూట చాలును. ఐఎస్ 17802 అను భారతీయ సుగమ్యతా ప్రమాణము 2021లోనే వెలువడినది. కంప్యూటరులో తెర చదివెడి ఎన్‌వీడీఏ ఉచితముగనే దొరకును. ఈ పని చేసిపెట్టు విద్యార్థులు గల ఇంజనీరింగు కళాశాలలకు ఈ డెల్టాలో కొదవయే లేదు.

విదేశములకు బొమ్మలు పంపువారికి మరియొక మాట. ఐరోపా సమాఖ్యలో ఇట్టి చట్టము 2025 జూన్ 28 నుండి అమలులోనికి వచ్చినది. అంతర్జాలపు అంగళ్లు కూడ దాని క్రిందికే వచ్చును. పదిమందికి తక్కువ పనివారును, ఇరువది లక్షల యూరోలకు మించని వ్యాపారమును గల సేవాసంస్థలకు అచట మినహాయింపు కలదు. ఆ మినహాయింపు మాట విని మనవారు ఊపిరి పీల్చుకొందురని ఎఱుగుదును. కాని అది అచటి చట్టపు మినహాయింపే గాని మన చట్టపుది కాదు.

దసరా కొలువుల బేరములు మొదలగుటకు మునుపే ఈ పని ముగియవలెను. కావున ప్రతి యజమానియు నేటి రాత్రి దుకాణము కట్టివేసిన పిమ్మట, తన ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కన్నులు మూసికొని, తన వెబ్‌సైటులో ఒక్క బొమ్మను తానే కొని చూడవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. కొనలేకపోయినచో, ఱేపు ఉదయముననే ఆ వెబ్‌సైటు చేసినవానిని పిలిపించి, మొదటి చిత్రము నుండి పని మొదలుపెట్టింపుడు.