హ్యాండిక్యాప్‌లో నిజాయతీ ఏదీ?

వేసవి వస్తే అమెరికాలోని మన తెలుగువాళ్ల మధ్య గోల్ఫ్ టోర్నమెంట్ల సందడి మొదలవుతుంది. నిన్నగాక మొన్న క్లబ్ పట్టినవారు, పదిహేనేళ్లుగా ఆడుతున్నవారు ఒకే పోటీలో దిగుతారు. దీన్ని సాధ్యం చేసేది హ్యాండిక్యాప్. దాన్నే మనం చేజేతులా పాడుచేసుకుంటున్నాం.

లెక్క తేలికే. ఒకరి హ్యాండిక్యాప్ 24, మరొకరిది 10 అనుకుందాం. మొదటివారు 98 షాట్లలో ముగిస్తే నెట్ స్కోరు 74. రెండోవారు 85 ఆడితే 75. గెలుపు మొదటివారిదే. ఆ అంకె నోటిమాటగా చెప్పేది కాదు. 2020 జనవరిలో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో, చివరి 20 రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి సగటు తీస్తారు. కోర్సు రేటింగ్, స్లోప్‌లను బట్టి ప్రతి స్కోరునూ ముందే సరిచేస్తారు. అంటే అది మన రోజువారీ ఆటకు కాదు, మన మంచిరోజు ఆటకు కొలత. కొత్తవారు 54 హోళ్ల స్కోర్లు నమోదు చేస్తే చాలు, ఇండెక్స్ వస్తుంది.

తప్పుడు లెక్కలు రెండు రకాలు. చెత్తగా ఆడిన రౌండ్లు దాచి, తక్కువ అంకె చెప్పుకుని మురిసేవారు ఒక రకం. వారి నష్టం వారికే. బాగా ఆడిన రౌండ్లు దాచి, అంకె పెంచుకుని బహుమతి కొట్టేవారు రెండో రకం. అమెరికన్లు వీరిని శాండ్‌బ్యాగర్లు అంటారు. నిరుడు నేను ఆడిన ఒక పోటీలో 22 అని పేరిచ్చిన పెద్దమనిషి 81 కొట్టి కప్పు పట్టుకెళ్లారు. ఏడాదంతా సాధన చేసి రెండో స్థానంలో నిలిచిన కుర్రాడు ఈసారి పేరే ఇవ్వలేదు. పోయింది కప్పు ఒక్కటే కాదు.

ఇండెక్స్ ఏడాదిలోని కనిష్ఠం కంటే 5కు మించి పెరగకుండా ఈ విధానం అడ్డుకుంటుంది. ఇండెక్స్ కంటే ఏడు స్ట్రోకులు మెరుగ్గా ఆడితే అంకె తగ్గిస్తుంది. కానీ నమోదు చేయని స్కోరును ఏ కంప్యూటరూ పట్టుకోలేదు.

మన హైదరాబాద్ మూలాలున్న సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో, బంకర్‌లో క్లబ్ ఇసుకను తాకిందని తానే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి, అతనికి తేడా సరిగ్గా రెండు స్ట్రోకులే. కోట్ల రూపాయల ఆటలో అతను నిజం చెప్పగలిగాడు. యాభై డాలర్ల గిఫ్ట్ కార్డు కోసం మనం చెప్పలేమా?

నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. అధికారిక ఇండెక్స్ లేనివారిని సంతోషంగా ఆడించండి, భోజనం పెట్టండి. నెట్ బహుమతి మాత్రం ఇవ్వకండి. ఆడిన ప్రతి స్కోరూ ఆ రోజే నమోదు చేయమని ఆటగాళ్లకు చెప్పండి. ఆ కుర్రాడిని వచ్చే వేసవికి మళ్లీ పిలవాలంటే ముందు మన లెక్క సరిగా ఉండాలి.