పసిమనసుకు కొలబద్ద ఏది?

పసిపిల్లల మనసును పరిశోధకులు కొలుస్తున్నారంటే మన వాడకట్టు ముసలమ్మలు నవ్వుతారు. "ఏడిస్తే ఆకలైనట్టు, నవ్వితే కడుపు నిండినట్టు. దానికి కాలేజీ చదువెందుకు బిడ్డా?" అంటారు. కాని మిత్రులారా, ఆ ఏడుపునూ ఆ నవ్వునూ పట్టుకొనే గత డెబ్భై ఏళ్లలో ఒక శాస్త్రం పెరిగి పెద్దదయింది.

పసితనంలో తల్లి ఆదరణ కరువైతే మానసిక ఆరోగ్యమే దెబ్బతింటుందని 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో వాదించాడు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా పల్లెల్లో తల్లుల ఇళ్లకు పోయి కూర్చొని చూసింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది పిల్లలకు ఒక పరీక్ష పెట్టింది. కొత్త గది, నాలుగు బొమ్మలు, తల్లి, ఒక అపరిచితురాలు. తల్లి కాసేపు బయటికి పోతుంది. పోయినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ముఖ్యం కాదు. ఆమె తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే అసలు పరీక్ష. ఈ సూక్ష్మం కనిపెట్టినందుకు ఆమెకు దండం పెట్టవచ్చు.

అయితే ఇదే పరీక్షను జపాన్‌లోని సప్పోరోలో పెడితే తల్లిని విడిచి ఎరుగని పిల్లలు ఓదార్చలేనంతగా ఏడ్చారు. జర్మనీలోని బీలెఫెల్డ్‌లో పెడితే చాలామంది తల్లి వచ్చినా పట్టించుకోనట్టే ఉన్నారు. అక్కడ పిల్లలు చిన్ననాటి నుంచే తమంతట తాము ఉండాలని పెంచడం ఆచారం. మరి ఆ గదిలో కొలిచింది బిడ్డ మనసునా, ఆ దేశపు ఆచారాన్నా?

ఆ గదిని తెచ్చి మన బోధన్‌లో పెట్టి చూడండి. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండి, 1937లో చక్కెర ఫ్యాక్టరీ వెలసి, శక్కర్‌నగర్ అనే పేరే పుట్టిన గడ్డ ఇది. చెరకు నరికే సీజన్‌లో తల్లి చేనులో ఉంటే బిడ్డ గట్టుమీద చీర ఉయ్యాలలో ఉండేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గింది గాని ఇళ్లల్లో బీడీల చాట తగ్గలేదు. తల్లి ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఒడి ఖాళీగా ఉంటే గదా బిడ్డ కూర్చొనేది! వాడు అక్క సంకన ఉంటాడు. నాయన దుబాయిలో ఉంటే వాడు ఎరిగిన నాయన ఫోనులోని గొంతే.

ఇట్లాంటి బిడ్డ తల్లి బయటికి పోయినా, తిరిగి వచ్చినా తల తిప్పకపోవచ్చు. పరిశోధకుడు "అనుబంధం సరిగా లేదు" అని రాసుకొని పోతాడు. అక్కను బయటికి పంపి చూడు సారూ, అప్పుడు తెలుస్తుంది!

ఇంతమాత్రాన "మా ఇంటినిండా మనుషులే, మాకీ శాస్త్రాలెందుకు" అనే వారితో నేను ఏకీభవించను. ఇంటినిండా మనుషులున్నా పని మాత్రం ఎనిమిదేండ్ల పిల్ల మీదనే పడుతున్నది. తమ్ముడికి తల్లి అయిన ఆ పిల్ల కూడా పిల్లే గదా! దాని అలకకు, భయానికి జాగా ఎక్కడ?

ఈ విషయంలో నాకు నచ్చినది "యంగ్ లైవ్స్" అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలతో మొదలైంది. రెండు వేల మంది ఏడాది వాళ్లు, వెయ్యి మంది ఎనిమిదేళ్ల వాళ్లు. ఆ పిల్లల దగ్గరికే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పోయారు. ఎత్తు, బరువుతో ఆగలేదు. పిల్లలు తమ గురించి తాము ఏమనుకొంటున్నారో అడిగారు. రోజులో ఎన్ని గంటలు ఇంట్లో చిన్నవాళ్లను చూసుకొంటున్నారో కూడా లెక్క తీశారు. హైదరాబాదుతో పాటు కడప, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలను తీసుకొన్నారు. మన నిజామాబాద్ అందులో లేదు. పక్కనున్న కరీంనగర్ దాకా వచ్చి ఆగిపోయారు!

సరే, వాళ్లు రాలేదని మనం కూర్చోవాలా? సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూచి కార్డు మీద గీత గీస్తారు. గీత కిందికి దిగితే టీచరమ్మ తల్లిని పిలుస్తుంది. బిడ్డ నాలుగు రోజులుగా ఎవరితోనూ ఆడడం లేదంటే ఏ కార్డు మీద గీయాలె? టీచరమ్మకు తెలియక కాదు, అడిగేవాళ్లు లేక.

మన విద్యార్థులు ఏటేటా ప్రాజెక్టు పేరిట ఫారాలు పట్టుకొని పల్లెలకు పోతుంటారు. తల్లి పేరు, తండ్రి పేరు, ఆదాయం రాసుకొని సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు. లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. ఆ ఫారంలో ఇంకో గడి పెట్టించండి: "బిడ్డ కిందపడి దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి ఉరుకుతాడు?" జవాబు అడిగి రాసుకోవద్దు, ఒక పూట ఆ వాకిట్లో కూర్చొని చూసి రాయాలె. అక్క అని తేలితే ఆ అక్కతోనూ కాసేపు మాట్లాడాలె. మామూలు రోజున పగటిపూట పోతే ఆ పిల్ల బడిలో ఉండాలె. ఇంట్లోనే కనబడితే ఆ సంగతి కూడా రాసుకోండి.