పూర్ణిమా రావు పేరు మనకెందుకు తెలియదు?

అయ్యా,

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినది మొదలు మా యానాంలో ప్రతి అరుగు మీదా అదే ముచ్చట. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఆ జట్టులో ఉండడం మనకందరికీ సంతోషమే. ఆ మధ్య మా వీధి పెద్దలలో ఒకరు, ‘తెలుగునాట నుండి ఇంతకు మునుపు జట్టును నడిపిన ఆడవారెవరు?’ అని అడిగారు. మిథాలీ రాజ్ పేరు చెప్పి అందరూ ఆగిపోయారు. ఆమెకు ముందే హైదరాబాదు నుండి వెళ్లి భారత జట్టుకు కెప్టెను అయిన పూర్ణిమా రావు ఒక్కరికీ జ్ఞాపకం రాలేదు. నాకూ రాలేదు. పదమూడేళ్ల నా మనుమరాలు చెప్పింది.

పూర్ణిమా రావు బ్యాటు పట్టగలదు, ఆఫ్ స్పిన్ వేయగలదు. 1993 నుండి 2000 వరకు 5 టెస్టులు, 33 వన్డేలు ఆడింది. 1995లో ఆమె నాయకత్వాన మన జట్టు న్యూజిలాండుకు వెళ్లి, ఆస్ట్రేలియా కూడా పాల్గొన్న పోటీలో కప్పు గెలుచుకుని వచ్చింది. అదే ఏడు జంషెడ్‌పూర్ టెస్టులో నీతూ డేవిడ్ ఒక ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీసినా ఇంగ్లండు చేతిలో రెండంటే రెండు పరుగులతో ఓడిపోయాం. మగవారి ఆటలో ఇటువంటిది జరిగి ఉంటే మనం నేటికీ చెప్పుకుంటూ ఉండేవారం గదా! క్రికెట్ బోర్డు 2006లో గాని మహిళల ఆటను తన కిందకు తీసుకోలేదు. అంతవరకు రిజర్వేషను లేని రైలు పెట్టెలలో ప్రయాణాలు చేసి ఆడినవారు వీరు.

తరువాత ఆమె జట్టుకు కోచ్ అయింది. 2016 జనవరిలో ఆస్ట్రేలియా గడ్డ మీద టీ20 సిరీసు గెలిచినప్పుడు ఆమే కోచ్. 2017 ఏప్రిల్‌లో, ప్రపంచ కప్పుకు రెండు నెలల గడువుండగా ఆమెను తప్పించారు. ఆ జట్టే జులై 23న లార్డ్స్‌లో ఫైనల్ ఆడి 9 పరుగులతో ఓడింది. నియామకాలు బోర్డు వారి ఇష్టం, అందులో నేను తల దూర్చను. కాని ఆ ఫైనల్ నాడు ఆమెను తలచుకున్న వారెందరు?

పదో తరగతితో చదువు చాలించి, బతుకంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. కాగితం మీదకు ఎక్కనిది జరగనట్టే లెక్క అని నాకు బాగా తెలుసు. 1995లో నా కుమార్తెకు పన్నెండేళ్లు. గోదావరి గట్టున మగపిల్లలతో కలిసి బంతి వేసేది. నలుగురూ నవ్వుతున్నారని నేనే మాన్పించాను. ‘ఆడపిల్లకు క్రికెట్టేమిటి, ఎక్కడైనా విన్నామా?’ అన్నాను. రోజూ పత్రిక చదివే మనిషిని, నిజంగానే వినలేదు. ఆ సంవత్సరమే మన హైదరాబాదు అమ్మాయి దేశానికి కెప్టెను అని తెలిసి ఉంటే మాన్పించేవాడినా? చెప్పలేను. కనీసం ఆ మాట మాత్రం అనేవాడిని కాను.

ఆ రోజులలో చూసేవారే లేరు, పత్రికల తప్పేమున్నదని కొందరు వాదిస్తారు. పరుగుల పట్టిక వేయకుంటే చూడాలని మాత్రం ఎవరికి పుడుతుంది? తప్పు పత్రికలదే అనను. ఇంట్లో వద్దన్నది నేను.

కావున నా మనవి ఏమనగా, తమరు వారానికొకసారి ఆటల పుటలో ఈ పాత క్రీడాకారిణుల చరిత్ర, పరుగుల పట్టికలతో సహా వేయించండి. నా మనుమరాలు కత్తిరించి దాచుకుంటానంటున్నది. వాళ్లమ్మ మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
యానాం