ఇంటి కంప్యూటరునకు ఏది తగును?

విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు 2025 అక్టోబరు 14వ తేదీతో భద్రతా సవరణలను పంపుట మానివేయుదుమని మైక్రోసాఫ్టు సంస్థ ముందుగనే చాటి, చెప్పిన ప్రకారము మానివేసిన నాటినుండి, మన పట్టణములలోను పల్లెలలోను ఎందరి ఇండ్లలోనో నిక్షేపముగ పనిచేయుచున్న కంప్యూటర్లకు ఒక్క దినమున వార్ధక్యము సంప్రాప్తమైనది. యంత్రమున లోపమేమియు లేదు. కీబోర్డు మీటలు అరుగలేదు. తెర వెలుగుచునే యున్నది. అయినను విండోస్ 11 కావలెనన్నచో టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు ఉండవలెననియు, ఇంటెల్ ప్రాసెసరైనచో ఎనిమిదవ తరమునకు తక్కువది కారాదనియు నియమము గనుక, 2016లో ముప్పది నలుబది వేలు పోసి కొన్న యంత్రము ఆ పరీక్షలో నిలువజాలదు. సాధారణ వాడుకరులకు 2026 అక్టోబరు 13 వరకు మరియొక యేడాది గడువును కొన్ని షరతులపై ఆ సంస్థయే యొసగినది గాని, అది వాయిదాయే యగును, పరిష్కారము కాదు.

గృహస్థుడు ఇపుడు కొత్త యంత్రమును కొనవచ్చును; లేదా కన్నులు మూసికొని పాతదానినే ఉన్నట్లుగ నడుపవచ్చును. ఈ రెండవ త్రోవనే అధికులు తొక్కుచున్నారని నా యనుమానము. రెండింటిని విడిచి లినక్సు అను మరియొక ఆపరేటింగ్ సిస్టమును ఆశ్రయింపుడని నేను చెప్పదలచితిని. అయితే ఉత్సాహవంతులు చెప్పు కారణములు వేరు, నా కారణములు వేరు.

ఆ కంప్యూటరు ఎట్టిదో ఒకమారు తలచుకొందము. పిల్లవాడు ఇంజనీరింగులో చేరిన యేట కొన్నది. వాడు చదువు ముగించి లాప్‌టాపు చంకనిడుకొని హైదరాబాదునకో టెక్సాసునకో వెడలిపోగా, ముందుగదిలోని బల్లమీద దుమ్ముగుడ్డ కప్పుకొని మిగిలినది. తండ్రి దానిపై పెన్షను కాగితములు చూచుకొనును, కరెంటు బిల్లు కట్టును, తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనపు మూడువందల రూపాయల టిక్కెట్లు విడుదలయగు ఘడియకు చాల ముందుగనే దానియెదుట ఆసీనుడై యుండును. తల్లి పాత పాటలు వినును. చిన్నమ్మాయి ప్రవేశపరీక్షల దరఖాస్తులు నింపును. అప్పుడప్పుడు ఏ అపార్టుమెంటు సంఘమునకో తెలుగున ఒక ఉత్తరము టైపు చేసి ప్రింటు తీయవలసివచ్చును. ఈ పనులలో చాలభాగము బ్రౌజరులోనే ముగియును. ఫైర్‌ఫాక్సుకు గాని క్రోముకు గాని అడుగున నున్నది విండోసా, లినక్సా అను పట్టింపు లేదు.

ఉచితము గనుక లినక్సు వాడుడని చెప్పువారు కలరు. మన దేశమున ఈ వాదమునకు బలము చాలదు, ఏలయన విండోసును ఉచితముగనే లభించుచున్నదను భ్రాంతి మనలో చిరకాలముగ పాతుకొనియున్నది. సిస్టము నెమ్మదించినదన్నచో షాపువానికి అయిదారు వందలిచ్చి ‘ఫార్మాట్ కొట్టించుట’, అతడు తనయొద్దనున్న పెన్‌డ్రైవునుండి క్రాకు చేసిన విండోసును, దానికి తోడుగ క్రాకు చేసిన ఆఫీసును వేసి పంపుట, ఇది మన వీధులలో ఎవరును తప్పుగ నెంచని ఆచారము. ఆ ప్రతిలో దారిమధ్యమున ఎవరు ఏమి చేర్చిరో షాపువానికే తెలియదు. ఆ యంత్రముపైననే మనము బ్యాంకు పాస్‌వర్డు కొట్టుదుము. కావున ధర సంగతి అటుంచి, యంత్రము ఎన్నాళ్లు బ్రతుకవలయునో, అది ఏ రూపమున మనయెదుట నిలువవలయునో నిర్ణయించు అధికారము ఎవరిదని విచారించుట మేలు.

ఇందులకు ఒక నిదర్శనము చెప్పెదను. లినక్సు లోకమున బహుజనాదరణ పొందిన గ్నోమ్ అను డెస్క్‌టాపు 2011లో తన ముఖమును పూర్తిగ మార్చుకొన్నది. అది నచ్చనివారు గొణుగుకొనుచు కూర్చుండలేదు. పాత గ్నోమ్ సోర్సుకోడును, అనగా ప్రోగ్రాము మూలరచనను, తీసికొని ‘మాటే’ అను పేర కొందరు దానిని బ్రతికించుకొనిరి. లినక్సు కూర్పులలో ఒకటైన లినక్సు మింటు వారు కొత్త గ్నోమ్ నుండియే చీలి, పాత అలవాట్లకు అనుగుణమగు ‘సినమన్’ను నిర్మించుకొనిరి. ఆ మరుసటి యేట విండోస్ 8లో స్టార్టు మెనూ మాయమైనప్పుడు, కోట్లాది వాడుకరులు మైక్రోసాఫ్టు సంస్థ మనసు మారువరకు నిరీక్షింపవలసివచ్చినది. ఆ మెనూ సక్రమముగ తిరిగివచ్చినది 2015లో, విండోస్ 10తో. స్వంతదారునకును, అద్దెకున్నవానికిని గల భేదము ఇంతకంటె తేటగ బోధపడు సందర్భము నాకు తోచుటలేదు.

సాఫ్ట్‌వేరుపై వాడుకరికి ఇట్టి స్వంతదారుని హక్కును కోరు ఉద్యమము ఒక ప్రింటరు చెంత మొలకెత్తినదనుట ఇందలి చమత్కారము. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎంఐటీ కృత్రిమమేధా ప్రయోగశాలకు జెరాక్సు సంస్థ ఒక లేజరు ప్రింటరు నిచ్చినది. కాగితము ఇరుకుకొనిన వార్త వాడుకరులకు తమ తమ తెరలపైననే తెలియునట్లు మార్పు చేయగోరిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు దాని సోర్సుకోడు లభింపలేదు; అంతకుముందున్న ప్రింటరునకు ఆయన అట్టి మార్పునే చేసియుండెను. ఆ నిరాకరణము మనసులో నాటుకొనగా 1983 సెప్టెంబరున ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును నిర్మించు గ్నూ ప్రాజెక్టును ప్రకటించెను. చదువుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు అందరికి హక్కునిచ్చుచు, మార్చి పంచినవాడు సైతము అదే హక్కును ఇతరులకు విడువవలెనని కట్టడిచేయు జీపీఎల్ లైసెన్సు 1989లో వెలువడినది. 1991 ఆగస్టున హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థియై, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున నున్న లినస్ టోర్వాల్డ్స్, తన 386 కంప్యూటరుకొరకు వినోదార్థము వ్రాసికొనుచున్న లినక్సు కెర్నెలును, అనగా ఆపరేటింగ్ సిస్టము కేంద్రభాగమును, గూర్చి నలుగురికి తెలిపి, మరుసటి యేట దానిని ఆ లైసెన్సు క్రిందికి తెచ్చెను. నేడు మన జేబులలోని ఆండ్రాయిడు ఫోన్లలో నడచునది ఆ కెర్నెలే. ప్రపంచమున అత్యంత వేగము గల ఐదువందల సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుండి అన్నియు దానిపైననే నడచుచున్నవి.

ప్రింటరు చెంత పుట్టిన ఈ వ్యవస్థ నేటికిని ప్రింటరు చెంతనే తడబడుచుండుట విధివిలాసము. హెచ్‌పీ వారి ప్రింటర్లలో చాల వాటికి ఆ సంస్థయే బహిరంగముగ నిచ్చిన డ్రైవర్లు ఉన్నవి. వైఫై గల కొత్త ప్రింటర్లు పెక్కు ఏ డ్రైవరును లేకయే పనిచేయును. కాని మన జెరాక్సు షాపులలోను, చిన్న ఆఫీసులలోను ఏండ్ల తరబడి చెక్కుచెదరక నిలిచిన కొన్ని చవక లేజరు ప్రింటర్లు లినక్సునకు సులభముగ లొంగవు. తన ప్రింటరు మోడలు సంఖ్యను ముందుగ విచారించుకొననివాడు, వెట్టిగ ఒక దినమును పోగొట్టుకొని, ఆ కోపమును లినక్సుపై చూపును.

తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. పెండ్లిపత్రికలు, కరపత్రములు, పుస్తకములు కూర్చు డీటీపీ కేంద్రములు దశాబ్దములుగ ‘అను’ ఫాంట్లపై, పేజ్‌మేకరుపై ఆధారపడియున్నవి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరములు రోమను లిపికి కేటాయించిన స్థానములలో కూర్చుండును. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ ఫైలును తెరచినచో, తాతగారి షష్టిపూర్తి ఆహ్వానము అర్థముకాని రోమను గుర్తుల గుంపుగ దర్శనమిచ్చును. లినక్సులోని తెలుగు యూనికోడు తెలుగు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పుననే మన లిపికి స్థానము లభించినది. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లను డెబియన్, ఉబుంటు వంటి లినక్సు కూర్పులలో క్షణములో చేర్చుకొనవచ్చును. సిలికానాంధ్ర వారు స్వేచ్ఛాలైసెన్సుతో విడుదల చేయించిన మండలి, గిడుగు, గురజాడ, రామభద్ర, పెద్దన మొదలగునవి ఎవరైనను దించుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు కావలెనన్నను, ఆంగ్లాక్షరములను ఉచ్చారణానుసారముగ కొట్టి తెలుగును రాబట్టవలెనన్నను ఐబస్ అను ఉపకరణము ఆ పని చేయును. ఇంటి ఉత్తరములకు, పిల్లల వ్యాసములకు, ఒక చిన్న పుస్తకమునకు సైతము లిబ్రెఆఫీసు చాలును. డీటీపీయే జీవనాధారమైనవారు మాత్రము, ట్యాలీలో లెక్కలు వ్రాసికొను వ్యాపారులు మాత్రము, విండోసును విడువవలదు. లినక్సుపై విండోసు సాఫ్ట్‌వేరును నడుపు వైన్ వంటి ఉపాయములున్నమాట నిజమే కాని, కూటికొరకు చేయు పనిని అట్టి ఉపాయముపై నిలుపుట వివేకము కాదు.

ఇక ఏ లినక్సు? చీరల కొట్టులో నూరు చీరలు పరపించుకొని ఏదియు కొనక లేచివచ్చువారి చందమున, ఈ ప్రశ్న యొద్దనే చాలమంది విరమింతురు. డిస్ట్రోలని పిలువబడు ఈ కూర్పులు వందలకొలది యున్నవి. వాని గుణదోషములను తర్కించుట కొందరికి వ్యసనము. గృహస్థునకు ఆ తర్కముతో పనిలేదు. నా తీర్పు లినక్సు మింటు. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఆధారముగ 2004లో మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటును తెచ్చెను. ఆ ఉబుంటు ఆధారముగ 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ మింటును కూర్చెను. ఎడమ చేతివైపు అడుగున మెనూ, కుడివైపున గడియారము, అంతయు విండోస్ 7 నాటి అలవాటునకు దగ్గరగ నుండుటచే అరువదియేండ్ల పెద్దకు సైతము దారి తప్పదు. మింటు 22 శ్రేణికి 2029 వరకు భద్రతా సవరణలు వచ్చును. రెండు జీబీల మెమరీ కనీసము, నాలుగు జీబీలు ఉన్న సుఖము. మెమరీ తక్కువైనచో సినమన్ కూర్పును విడిచి ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పును తీసికొనుడు. ఏ మార్పును సహింపనివారు డెబియన్‌ను ఎన్నుకొన్నను తప్పులేదు. 32 బిట్ల నాటి మరీ పాత యంత్రములకు మాత్రము దారులు మూసికొనిపోవుచున్నవి. 2025 ఆగస్టున వచ్చిన డెబియన్ 13లో సైతము వానికి ఇన్‌స్టాలరు లేదు. అట్టివానిని పాతసామాన్లవానికి ఇచ్చుటలో పాపము లేదు.

కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ వారి బాస్ లినక్సు, హైదరాబాదున ‘స్వేచ్ఛ’ సంస్థవారు తెలుగుకొరకు సిద్ధపరచిన కూర్పు మనవి కావా, వానిని ఏల చెప్పవని అడుగవచ్చును. తెలుగు డెస్క్‌టాపునకు వారు చేసిన సేవపై నాకు గౌరవము కలదు. కాని చిక్కువచ్చిన రాత్రి సమాధానము దొరకుట ముఖ్యము. అది వాడువారి సంఖ్యనుబట్టి యుండును గాని అభిమానమునుబట్టి యుండదు. ఈ సూత్రమునే ఇంకొంచెము దగ్గరకు తెచ్చినచో, మీ యింటికి వచ్చి చూడగల మేనల్లుడు ఉబుంటు వాడుచున్నచో మీకు మింటు కంటె ఉబుంటే మేలు.

ఓపెన్‌సోర్సు అని కోడును అందరికి తెరచి చూపుట దొంగకు తాళపుచెవి నిచ్చుటయే గదా అని శంకించువారును కలరు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను కంప్రెషను ఉపకరణమున, నిర్వాహకుని విశ్వాసమును మెల్లమెల్లగ సంపాదించిన ఒక అజ్ఞాతవ్యక్తి దొంగదారి నొకదానిని చేర్చినట్లు బయటపడినది. పట్టుకొన్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన మైక్రోసాఫ్టు ఉద్యోగియే యగుట విశేషము. లాగిను సుమారు అరసెకను ఆలస్యమగుటను గమనించి, కారణమును త్రవ్వుకొనుచు పోగా గుట్టు రట్టైనది. కోడు తెరచియుండుటచేతనే బయటివాడొకడు త్రవ్విచూడగలిగెను. డెబియన్ స్థిరసంచికలోనికి అది చేరనేలేదు. లినక్సుకు వైరసులు రావని ప్రచారము చేయుట అసత్యము. నెమ్మదిగ నడచు స్థిరమైన కూర్పును ఎన్నుకొని, అప్‌డేట్లను వాయిదా వేయకుండుట ఇంటివాని ధర్మము.

నా మాట నమ్మి నేడే హార్డుడిస్కును తుడిచివేయ నక్కరలేదు. సుమారు మూడు జీబీల ఫైలును దించుకొని, రూఫస్ వంటి ఉపకరణముతో ఒక ఖాళీ పెన్‌డ్రైవులోనికి ఎక్కించి (అందున్నదంతయు చెరిగిపోవును సుమా!), కంప్యూటరును ఆపి మరల వెలిగించునపుడు ఎఫ్12 మీటనో, కంపెనీనిబట్టి ఎఫ్9 లేక ఎస్కేప్ మీటనో వెంటవెంట నొక్కినచో, యంత్రము పెన్‌డ్రైవునుండి మేల్కొనును, హార్డుడిస్కు జోలికి పోదు. వైఫై కలిసెనా, మాట వినబడుచున్నదా, కెమెరాలో ముఖము కనబడుచున్నదా చూడుడు. ప్రింటరునకు ఒక పుట పంపుడు. ‘స్త్రీ’ అనియు ‘రాష్ట్రము’ అనియు టైపు చేసి, రెండేసి వత్తులు సరిగ క్రింద కుదురుకొనెనా గమనింపుడు. మీ బ్యాంకు తెరచుకొనెనో లేదో పరీక్షింపుడు. పెన్‌డ్రైవుపై నడక కొంత మందము. అది డిస్కుపై చేరిన పిమ్మట తీరును. అన్నియు కుదిరినచో ఫొటోలను, కాగితములను రెండుచోట్ల భద్రపరచుకొని, బిట్‌లాకర్ అను డిస్కు తాళము ఉన్నచో దాని రికవరీ కీని వ్రాసిపెట్టుకొని, అప్పుడు ఇన్‌స్టాలు చేయుడు. విండోసును ప్రక్కనే ఉంచుకొని రెంటిని నడుపవచ్చును గాని, ఇద్దరు ముగ్గురు వాడు ఇంటి యంత్రమున అది గందరగోళమునకు దారితీయునని నా అభిప్రాయము.

కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు చాల ఏండ్లుగ లినక్సు ఆధారితమైన కూర్పుపైననే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. అట్టి పిల్లలకు ఇంటిలోని లినక్సు వింతగ తోపదు. మన రెండు రాష్ట్రముల విద్యాశాఖలు ఆ దారిని ఆలోచించినచో, ఇంటింట పెద్దలకు నేర్పు గురువులు ఉచితముగ లభింతురు.

అంతవరకు మనము చేయగల పని ఒకటి యున్నది. ఈ డెస్క్‌టాపులలో తెలుగు అనువాదము ఇంకను అసంపూర్ణము. మెనూను తెలుగునకు మార్చినచో సగము తెలుగు, సగము ఆంగ్లముగ కనిపించు చోట్లు కలవు. మింటు వాక్యములను లాంచ్‌ప్యాడ్ అను చోట ఎవరైనను పేరు నమోదు చేసికొని అనువదింపవచ్చును. కోడు వ్రాయుట రానక్కరలేదు, మంచి తెలుగు వచ్చిన చాలును. విశ్రాంతి పొందిన తెలుగు ఉపాధ్యాయులారా, ఈ పనికి పూనుకొనుడు.