ఖటారా అంటారేం మియా?

మన ఇళ్లల్లో ‘ఖటారా’ అన్న మాట ఎంత తేలిగ్గా దొర్లుతుందో గమనించారా? పాత స్కూటరు ఖటారా, పాత కూలరు ఖటారా. నేను పోయినేడాది 1996 మోడల్ మారుతీ 800 కొన్న దగ్గర్నుంచి ఆ మాట నాకు సలాం కన్నా ముందే వినిపిస్తోంది. “క్యా మియా, అఖ్బార్ వాలే హోకే ఖటారా లే లియే?” అని మసీదు మెట్ల మీదే అడిగినవాళ్లున్నారు. ఒక్కొక్కరికీ నిలబడి జవాబు చెప్పే ఫుర్సత్ నాకు లేదు. అందరికీ కలిపి ఇదే జవాబు.

ముందు ఆ కారుకు ఇవ్వాల్సిన ఇజ్జత్ ఇద్దాం. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతీ తాళాలు అప్పగించినప్పుడు దాని ధర యాభై వేల లోపే. అంతకుముందు మధ్యతరగతి మనిషి కారంటే అంబాసిడర్ లేదా ఫియట్, అదీ బుక్ చేసి ఏళ్ల తరబడి ఇంతెజార్. ఈ మూడు సిలిండర్ల 796 సీసీ బుల్లి బండి ఆ దర్వాజా తెరిచింది. 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఈ దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. మన మొహల్లాల్లో దాని కహానీ ఇంకా వేరు. జెద్దాలో, దుబాయ్‌లో పదేళ్లు చెమటోడ్చి వచ్చిన మామూలు, చిచ్చాలు ముందు ఇంటికి స్లాబు వేశారు, తర్వాత చెల్లెలి షాదీ చేశారు, ఆ తర్వాత ఏమైనా మిగిలితే ఒక తెల్ల మారుతీ కొన్నారు. ఏడుగురు ఎక్కి దర్గాకు వెళ్లిన కారది. ఇప్పుడదే కారును చూసి ముక్కు మూసుకుంటున్న జనం ఎవరో కాదు, ఆ వెనక సీట్లో ఒళ్లో కూర్చుని పెరిగిన పిల్లలే.

నాది మహబూబ్‌నగర్‌లో ఒక రిటైర్డ్ ఉర్దూ టీచర్ సాబ్ ఇంటి వెనక, వేపచెట్టు కింద ఎనిమిదేళ్లు పడి ఉంది. ఇరవై ఎనిమిది వేలు నగదు ఇచ్చి, ట్రాలీ మీద హైదరాబాద్ తెచ్చాను. ఇలా పడి ఉన్న బండిని కొనాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే. రంగు చూడకండి, అడుగు చూడండి. కార్పెట్ ఎత్తి నేలరేకు వేలితో నొక్కండి. బ్యాటరీ కింద, చక్రాల పైన వంపుల్లో, తలుపు కింది గడపల్లో తుప్పు ఎంతుందో చూడండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. అతుక్కోని చోట రేకు లేదు, లప్పం ఉంది. ఇంజన్ ఎంత చెడినా బాగవుతుంది. బాడీ తినేసిన బండి మాత్రం మీ జేబును కూడా తినేస్తుంది, దాన్ని అక్కడే వదిలి చాయ్ తాగి వచ్చేయండి.

ఇంకో మాట. దొరికిందే తడవుగా బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. మా ఉస్తాద్ (పేరు రాయను, ఆయనకు ఇష్టముండదు) ముందు మూడు ప్లగ్గులు విప్పి, రంధ్రాల్లో కాస్త కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులు అలాగే వదిలేశాడు. మూడో రోజు పానా పెట్టి క్రాంక్‌ను చేత్తో తిప్పాడు. తిరిగింది. అప్పుడు టైమింగ్ బెల్టు మార్చాడు, ట్యాంకు దించి కడిగాడు. ఎనిమిదేళ్ల పెట్రోలు లోపల జిగురై, వార్నిష్‌లా అట్టకట్టింది. కార్బురేటర్ మొత్తం విప్పి, జెట్లు ఒక్కొక్కటీ ఊది చూశాడు. బ్రేకులు నాలుగు చోట్లా పట్టేసి ఉన్నాయి. వైరింగ్‌ను ఎలుకలు దావత్ చేసుకున్నాయి. పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించాడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ కాలం రబ్బరు దానికోసం చేసింది కాదు. కొన్ని సామాన్లు రాణీగంజ్‌లో దొరికాయి, దొరకనివి విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. నాలుగు నెలలు పట్టింది. టింకరింగ్, పెయింటింగ్, ఇంజన్ పని, టైర్లు, అన్నీ కలిపి ఒక లక్షా పద్దెనిమిది వేలు. బండి ధరతో లక్షా నలభై ఆరు వేలు. ఒక్క రూపాయి సూద్ లేదు.

ఇక్కడ నన్ను నవ్విన సాహెబ్‌ల లెక్క కూడా చూద్దాం. షోరూమ్ బండికి తొమ్మిది లక్షలు అప్పు, ఏడేళ్లు, తొమ్మిది శాతం. నెలకు సుమారు పద్నాలుగు వేల ఐదు వందలు. ఏడేళ్లు కట్టాక కారు కాకుండా సూద్ ఒక్కటే మూడు లక్షల పదహారు వేలు దాటుతుంది. అంటే మీరు కట్టే ఉత్త సూద్‌తో నా బండి లాంటివి రెండు లేస్తాయి. సూద్ హరామ్ అని జుమ్మా బయాన్‌లో తల ఊపి, శనివారం బ్యాంకులో సంతకం పెట్టి, ఆదివారం ఆ బండికి పూలదండ వేసి ఫొటో పెట్టేవాళ్లు నా పాత కారును చూసి సిగ్గుపడమంటున్నారు! రోజూ వంద కిలోమీటర్లు తిరిగి రోజీ సంపాదించేవాడికి కొత్త బండి జరూరత్. అతన్ని నేనేమీ అనను. నేనంటున్నది దిఖావా గురించి.

“పదిహేనేళ్లు దాటితే సర్కారు తుక్కు చేస్తుందట కదా” అని ఇంకొందరు. ఇది ఢిల్లీ కబురు, ఇక్కడికి అరువు తెచ్చుకున్న భయం. పదిహేనేళ్ల తర్వాత బండిని చూపించి ఫిట్‌నెస్ తేలితే మన దగ్గర ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. ఫీజు మాత్రం వాత పెడుతున్నారు. 600 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. కొనేముందు ఆర్సీ ఎవరి పేరున ఉందో, ఆ మనిషి హయాత్ ఉన్నాడో లేదో అడగండి. ఇంతఖాల్ అయ్యుంటే ముందు వారసుల పేరుకు మారాలి. కాగితం లేని బండి ముఫ్త్‌గా ఇచ్చినా వద్దు. ఎవరైనా ‘వింటేజ్’ అని చెప్పి మూడు లక్షలు అడిగితే నవ్వి వచ్చేయండి. కానూన్ ప్రకారం వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటాలి, మొట్టమొదటి మారుతీకి కూడా 2033 దాకా ఆ భాగ్యం లేదు.

ఒక ఎతరాజ్ మాత్రం నిజమే, దాన్ని దాచను. ఈ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, రేకు పల్చన. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల మధ్య పరుగెత్తించడానికి ఇది కాదు. కొత్తగా లైసెన్సు వచ్చిన కొడుక్కి ఇచ్చి పంపకండి. ఊళ్లో తిరగడానికి, అమ్మీని దవాఖానాకు తీసుకెళ్లడానికి, గల్లీలో మలుపు తిప్పడానికి దీనికి మించింది నేను చూడలేదు.

సరే, అసలు మాటకు వస్తా. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. మాటల వెంట పడటం నా పాత జబ్బు. తెలుగువాళ్లు రోజూ వాడే ‘మరమ్మతు’ మన జబాన్ ఇచ్చిన మాట. మాటే కాదు, పని కూడా మనవాళ్లు చేసిందే. ఈ రెండు రాష్ట్రాల్లో ఏ ఊరి బస్టాండ్ వెనకైనా చూడండి, వెల్డింగ్, టింకరింగ్, పంక్చర్, రేడియేటర్ షెడ్లలో సగం మనవాళ్ల చేతులే కనిపిస్తాయి. మా ఉస్తాద్‌కు అరవై రెండేళ్లు. కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, కళ్లు మూసుకుని, ఇంజన్ ఊపిరి వింటాడు. ఏ సిలిండర్ సరిగా కాల్చడం లేదో చెవితో చెప్తాడు. ఈ ఇల్మ్ ఏ కితాబ్‌లో నుంచీ రాలేదు. పదకొండో ఏట షాగిర్ద్‌గా చేరి, పానా దెబ్బలు తిని నేర్చుకున్నది. (ఆ వయసులో పిల్లాణ్ని పనికి పెట్టడాన్ని నేను సమర్థించను. బడికి పంపండి, ఆ తర్వాత హునర్ నేర్పించండి.) ఈ మనిషిని మనం పిలిచే పేరేమిటి? ‘గ్రీజ్ వాలా’. ఆయన పెద్ద కొడుక్కి ఒక రిష్తా దాదాపు ఖాయమై తప్పిపోయింది. అమ్మాయి తరఫువాళ్లు అబ్బాయి నమాజ్ అడగలేదు, అఖ్లాక్ అడగలేదు. “షెడ్డులోనే ఉంటాడా, ఏదైనా ఆఫీసు చూసుకుంటాడా” అని అడిగారు. ఆ కుర్రాడు పానాలు పక్కన పెట్టి, ఇప్పుడు యాప్ బ్యాగు భుజాన వేసుకుని బిర్యానీ పొట్లాలు మోస్తున్నాడు. తండ్రి చెవుల్లో ఉన్న ఇల్మ్ అతని దగ్గరికి చేరకుండానే ఆగిపోయింది. పాత బండి కొనేవాడు లేకపోతే ఆ ఇల్మ్‌కు గిరాకీ లేదు, గిరాకీ లేకపోతే షాగిర్ద్ రాడు. ఖటారా అని మనం నవ్వినప్పుడల్లా ఈ రోజీ మీదే రాయి పడుతోంది.

ఇంకా వినండి. అదే ఉస్తాద్ కూతురికి ఈ మధ్య రిష్తా కుదిరింది. అబ్బాయి తరఫువాళ్లు దీన్‌దార్ ఖాందాన్. “మాకు జహేజ్ వద్దు” అన్నారు. వారం తిరక్కుండా కబురు: “బచ్చాకు ఆఫీసు దూరం, ఒక గాడీ ఉంటే బాగుంటుంది.” ఆయన సంబరపడి, సొంత చేత్తో మంచి సెకండ్ హ్యాండ్ బండి ఒకటి తయారుచేసి ఇస్తానన్నాడు. జవాబు ఏమొచ్చిందో తెలుసా? “షోరూమ్‌ది కావాలి భాయ్, లోగ్ క్యా బోలేంగే?” నలభై ఏళ్లుగా లోకం బండ్లకు ప్రాణం పోసిన చేతులు ఇప్పుడు తన చేతిపని పనికిరాదన్న అల్లుడి కోసం బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టాయి. షెడ్డు కాగితాలే జామీన్. నాకు ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన తల ఎత్తలేదు, నా బండి ఫ్యాన్ బెల్టు బిగిస్తూనే ఉన్నాడు.

ఆ పెళ్లికొడుకు తండ్రీ, ఆ నిఖాలో మొదటి వరసలో కూర్చుని ముర్గ్ ముసల్లం తినబోయే బుజుర్గులూ, మీలో చాలామంది ఇది చదువుతారని నాకు తెలుసు. ఆ బండి తిప్పి పంపడానికి ఇంకా వక్త్ ఉంది. డెలివరీ వచ్చే నెల. బుకింగ్ రద్దు చేస్తే కొంత కోత పడుతుంది, ఆ కోత నలుగురం కలిసి భరిద్దాం, నా వంతు నేను తెస్తాను. అబ్బాయికి నిజంగా గాడీ జరూరతే అయితే, అతని జీతంతో అతను కొనుక్కోనివ్వండి. లేదా షెడ్డుకు పంపండి. తుప్పు లేని 800 ఒకటి అక్కడ అమ్మకానికి ఉంది, 2003 మోడల్, కాగితాలు సాఫ్. నేను చూశాను.

మిగతావాళ్లకు ఒక చిన్న మాట. ఉస్తాద్ కార్బురేటర్ ట్యూనింగ్‌కు ఎనిమిది వందలు అడుగుతాడు. షోరూమ్‌లో ఏడేళ్ల సూద్‌కు నోరెత్తకుండా తల ఊపినవాళ్లు ఆయన దగ్గర ఐదొందలకు బేరమాడకండి.