థైము రెమ్మయు, ఇంటి వంటయు

పరిమళముగల ఆకు సంపన్నుల భోజనమునకు అలంకారమని కొందఱి తలంపు. మేము దీనికి విరుద్ధమైన యభిప్రాయము గలవారము. అట్టి ఆకు బీదవాని కుండకు బలము. కొద్దిపాటి పప్పునకును, ముదురు కూరగాయలకును, చవుక మాంసమునకును రుచి నొసగి, ఇంటిల్లిపాదికి కడుపునిండ తింటిమను తృప్తిని గలిగించునది అదియే. ఇందులకు నిదర్శనముగా మన విద్యార్థులలో పలువురు పేరు మాత్రమే విన్న థైము అను ఆకును గూర్చి ఈ సంచికయందు నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి.

థైము మధ్యధరా సముద్రపు పడమటి భాగమున, అనగా దక్షిణ ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశములయందు, స్వయముగా మొలచెడి చిన్న గుబురుమొక్క. తులసియు పుదీనయు ఏ కుటుంబమునకు చెందినవో ఇదియు ఆ కుటుంబమునకు చెందినదే. జానెడు, జానెడున్నర యెత్తున నిలుచును. కాడలు కట్టెవలె గట్టిపడును. ఆకులు బియ్యపుగింజ పరిమాణమున, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా నుండును. ఱాతినేలయు, మంచి యెండయు, కొలది నీరును దీనికి చాలును. కొండవాలున కాసు వెచ్చింపకుండ కోసికొనదగినదగుటచే అచటి పల్లెవాసుల వంటలలో దీనికి స్థానము కలిగినది.

ఫ్రాన్సు దేశమున "పొతొఫ్యు" అను వంట కలదు. నిప్పుమీది కుండ యని దాని యర్థము. పేరునందే ఆడంబరము లేదు. త్వరగా ఉడకని మాంసపు ముక్కలను ఉల్లిగడ్డలు, కారెట్టు, టర్నిప్పు దుంపలతోగూడ నీటిలో వేసి, సన్నని సెగపై మూడు నాలుగు గంటలు కాగనిత్తురు. రెండు మూడు థైము రెమ్మలను, పార్‌స్లీ కాడలను, లారెలు చెట్టు ఆకును ఒక దారముతో కట్టి ఆ కుండలో వదలుదురు. వడ్డించుటకు ముందు ఆ కట్టను తీసి పాఱవేయుదురు. మొదట రసమును త్రాగి, పిదప ముక్కలను తినుట వాడుక. ఇందు గ్రహింపవలసిన కిటుకు ఒకటి కలదు. కొత్తిమీరను మొదటనే వేసి గంటసేపు కాచినచో దాని వాసన ఆవిరితో పోవును. కావుననే మనవారు దానిని దించుటకు ముందు చల్లుదురు. థైము అట్టిది కాదు. నిదానముగా కాగినకొలది దాని వాసన రసములోనికి దిగును. ఏ ఆకును ఎప్పుడు వేయవలెనో తెలియుట వంటలో సగము విద్య.

అన్నము తినువారికి దగ్గఱగా నుండు ఉదాహరణము మఱియొకటి చెప్పెదము. ఐరోపావారితో థైము కరీబియను దీవులకు చేరినది. జమైకా దీవిలో ఆదివారపు భోజనమునకు బియ్యమును గింజలను కలిపి వండుట యాచారము. రాత్రి నానబెట్టిన రాజ్మా గింజలను మెత్తబడువఱకు ఉడికించి, ఆ నీటిలోనే కొబ్బరిపాలు పోసి, వెల్లుల్లి, ఉల్లికాడలు, పచ్చి థైము రెమ్మలు వేసి, మిక్కిలి కారముగల మిరపకాయ నొకదానిని చిదుపకుండ వదలుదురు. అది మరగిన పిమ్మట బియ్యము పోసి, మూతపెట్టి, సన్నని సెగపై మగ్గనిత్తురు. చిదుగని మిరపకాయ వాసన నిచ్చును గాని కారమును అంతగా విడువదు. మాంసము లేకున్నను ఇది పుష్టికరమైన భోజనమే. ఏలయనగా, బియ్యపు మాంసకృత్తులలో కొఱతపడిన అంశమును గింజలును, గింజలలో కొఱతపడినదానిని బియ్యమును పూరించును. మన పప్పన్నమునందలి బలమును ఇట్టిదే.

ఈ ఆకు మనకు కేవలము పరాయిది యనరాదు. దాని వాసనకు ముఖ్యకారణమైన పదార్థమునకు థైమాలు అని పేరు. 1719వ సంవత్సరమున కాస్పర్ న్యూమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని థైము నుండి వేఱుచేసెను. 1853లో లాల్మాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టెను. ఆ పదార్థమే మన వాము గింజలందు సమృద్ధిగా నున్నది. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమగువఱకు వాము మన దేశమునుండి జర్మనీకి ఎగుమతియై, అచట దానినుండి థైమాలు తీయబడుచుండెను. కావున వాము వేసిన జంతికను నోట వేసికొన్న పిల్లవాడు థైము వాసనను సగమెఱిగినవాడే. ఇక మన పెరటిలో దళసరి ఆకులతో పెరుగు వామాకు కలదు గదా. వాము గింజ నిచ్చు మొక్క వేఱు, ఇది వేఱు. ఇది థైము కుటుంబములోనిది. కరీబియను దీవులలో కొన్నిట దీనిని వెడల్పాకు థైమని పిలుచుచున్నారు. మనము బజ్జీలు వేసికొను ఆకును వారు కూరకుండలో వేయుచున్నారు.

థైము దొరకనివారు సీసాలలోని ఎండుటాకునకై సొమ్ము పాడుచేయనక్కఱలేదు. రెండు వామాకులను తఱిగి వేసికొనవచ్చును. రుచి కొంత భేదించును గాని కుండ చెడదు. పచ్చి థైము దొరకినవారు రెమ్మ కొనను పట్టుకొని వ్రేళ్లతో క్రిందికి దూసినచో ఆకు రాలును; గట్టి కాడను విడువవలెను. ఎండుటాకైనచో పచ్చిదానిలో మూడవవంతు చాలును. కుండీలో పెంచువారు ఇసుక కలిపిన మన్ను వేసి, నీరు నిలువకుండ చూడవలెను; నీరు నిలిచిన వేరు కుళ్లును. ఒక్క హెచ్చరిక. ఆకు వేఱు, దానినుండి తీసిన తైలము వేఱు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున కడుపులోని కొంకిపురుగులను చంపుటకు థైమాలును మందుగా నిచ్చెడివారు. అంత తీక్ష్ణమైనదానిని వంటలో వాడరాదు. ఆకు సకలరోగములను పోగొట్టునను మాటలను గూడ నమ్మరాదు. అది భోజనమునకు రుచి, అంతే చాలును.

ఇక మా ముఖ్యవాదమునకు వత్తుము. ఫ్రాన్సునందలి కుండయైనను, జమైకాలోని అన్నమైనను, పెద్దల ప్రక్కన నిలిచి చూచిన పిల్లలవలననే నేటివఱకు నిలిచియున్నవి. మన యిండ్లలో పిల్లలు అట్లు నిలుచుట తగ్గుచున్నది. పదియవ తరగతి ముగియగనే వారు వసతిగృహములకును, పిదప దూరపు పట్టణములకును, కొందఱు పైదేశములకును పోవుచున్నారు. చేతిలోని ఫోనును తాకినంతనే భోజనము గుమ్మమునకు వచ్చుచున్నది. త్రికోణమితి లెక్కను తప్పులేక చేయువాడు గుప్పెడు పప్పును ఉడికించుకొన నేరక పస్తుండుటయో, సంపాదనలో పెద్దభాగమును పొట్లాలకు పోయుటయో చూచుచున్నాము. దీనిని సంపూర్ణమైన విద్యయని యెట్లందుము?

"మా బిడ్డను చదువుటకు పంపితిమి గాని పొయ్యి ఊదుటకు కాదు" అని కొందఱు తల్లిదండ్రులు అందురు. వారి భయము అర్థములేనిది కాదు. ఎందఱో ఆడుబిడ్డలను పొయ్యికి కట్టివేసి బడి మాన్పించిన దేశమిది. వంట యన్నంతనే ఆ బంధనము గుర్తుకు వచ్చుట సహజము. అయినను అందులకు విరుగుడు వంటను పాఠములనుండి తొలగించుట కాదు; మగపిల్లలకును సమముగా నేర్పుట. అన్నయో తమ్ముడో గరిటె పట్టిన యింట అక్కచెల్లెండ్రకు పుస్తకము పట్టుటకు తీరిక దొరకును. మఱియు వంట చదువునకు శత్రువు కాదు. కొత్తిమీర వాసన ఏల ఎగిరిపోవునో, థైము వాసన ఏల నిలుచునో అడిగిన బాలుడు రసాయనశాస్త్రపు వాకిట నిలిచినాడు. వాము ఓడలెక్కి జర్మనీకి పోయిన కథ విన్న బాలిక చరిత్రను భూగోళమును ఒక్కమాఱే చదివినది.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. వారమున కొకనాడు, శనివారము సాయంకాలమే యనుకొందము, ఒక కుండను మీ కుమారునకో కుమార్తెకో పూర్తిగా అప్పగింపుడు. ప్రక్కన నిలిచి చెప్పుడు. చేతినుండి గరిటెను లాగుకొనకుడు. కొంచెము మాడినను కూర్చుండి తినుడు. పాఠశాల పెద్దలకు మా మనవి: తోటలో ఒక మడిని కొత్తిమీర, పుదీన, వామాకులకు విడిచి, గట్టున ఒక కరివేపచెట్టు నాటించి, చలికాలమున ఒక కుండీని థైమునకు ఇయ్యవలెను. విద్యార్థులారా, ఆ మడిలోని ఏ ఆకు ఎప్పుడు కుండలో పడవలెనో నేర్చుకొనుడు. ఈ పాఠశాలను వీడునాటికి ఒక్క కుండెడు వంటనైనను ఒరుల సహాయము లేక వండి, నలుగురికి వడ్డింపగల చేతులతో వెళ్లుడు.