మన రక్తం ల్యాబుకి పోతోంది, మనమెప్పుడు పోతాం?



మన దేశంలో సికిల్ సెల్ మీద మొదటి రిపోర్టు 1952లో వచ్చింది. నీలగిరి కొండల ఆదివాసీల రక్తం పరీక్షించి లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు రాశారు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఈ డెబ్బై ఏళ్లూ సిరంజిలు మన గూడేలకి వస్తూనే ఉన్నాయి. రక్తం ఇచ్చేది మనం. దాన్ని చదివే కుర్చీలో మాత్రం మనోళ్లు ఎక్కడో ఒకరు.

అడిగితే ఒకటే జవాబు: "అర్హులు దొరకలేదు." ఎక్కడ వెతికారు సార్? సీఎస్ఐఆర్ నెట్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. గిరిజన గురుకులంలో తెలుగులో సైన్సు మొదలుపెట్టిన పిల్ల ఆ రెండు గోడలూ దూకి రావాలి. వచ్చాక ఇంటర్వ్యూలో "కాన్ఫిడెన్స్ లేదు" అని రాస్తారు. ఇదేనా వెతకడం?

చట్టం సంగతీ చూద్దాం. 2006 చట్టం కేంద్ర విద్యాసంస్థల అడ్మిషన్లలో మనకి 7.5 శాతం ఇచ్చింది. అదే చట్టం టీఐఎఫ్ఆర్, బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్, మానేసర్‌లోని బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ లాంటివాటికి మినహాయింపూ ఇచ్చింది. గొప్ప సంస్థలట, రిజర్వేషన్ వద్దట! గొప్పతనానికి మనం అడ్డమా?

ఇక మనలో మనం ఒక మాట. బీజెడ్‌సీ చదువుతున్నాం, జువాలజీ, బయోకెమిస్ట్రీల్లో ఎమ్మెస్సీ చేస్తున్నాం. ఆ తర్వాత దారి బీఈడీ, డీఎస్సీ, గ్రూప్స్. అవి తక్కువ ఉద్యోగాలని మేం అనట్లేదు, ఇంటికి జీతం కావాలి. కానీ పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు ఖాళీ అనుకోవద్దు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం.

నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్ 13 యూనిట్లు. అందులో మొక్కల ఫిజియాలజీ ఒకటి, జంతువులది ఒకటి. ఎమ్మెస్సీలో 50 శాతం ఉంటే మనకి అర్హత. జేఆర్ఎఫ్‌కి వయసులో 5 ఏళ్ల సడలింపు. జేఆర్ఎఫ్ తప్పినా, 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ అడ్మిషన్ ఉంది: నెట్‌కి 70, ఇంటర్వ్యూకి 30 శాతం. అడ్మిషన్ వస్తే గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఫెలోషిప్ కూడా ఉంది. ఏడాదికి 750 మందికి, పీజీ మార్కుల మీద ఇస్తారు. హైదరాబాద్‌లో ఎన్ఐఎన్, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ మూడూ తార్నాక, ఉప్పల్ మధ్య సిటీ బస్సు దూరంలోనే ఉన్నాయి. అప్లై చేసే ముందు గైడ్ రాసిన రెండు పేపర్లు చదవండి. ఆయన పనిలో మీకు వచ్చిన ప్రశ్నతో పది లైన్ల మెయిల్ పెట్టండి. "రెస్పెక్టెడ్ సర్" అని వంద మందికి ఒకే మెయిల్ కొడితే ఎవరూ చదవరు.

మేం అడిగేవి మూడే. ప్రతి పీహెచ్‌డీ నోటిఫికేషన్‌లో ఎస్టీ సీట్లెన్నో, పోయినసారి ఎన్ని మిగిలాయో అంకెల్లో రాయాలి. మిగిలిన సీటు మాయం కాకుండా మళ్లీ ఎస్టీలకే పిలవాలి. పాడేరు నుంచి ఉట్నూరు దాకా ప్రతి ఐటీడీఏ, కానిస్టేబుల్, గ్రూప్స్ కోచింగ్ లాగే నెట్ కోచింగూ పెట్టాలి.

రాయకపోతే ఆర్టీఐ వేద్దాం. పది రూపాయల ఫీజు. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కొక్కరం. ఎవరు ఏది తీసుకుంటారో కింద రాయండి.

జోహార్.